ధర్మసందేహాలు: దోసతోట కావలివాడి కూలి

గత సంచికలో బబులోను రాజు హమ్మురాబి శాసనం గురించి రాస్తూ యూదుల ధర్మశాస్త్రం ప్రస్తావన ఒక్క వాక్యంలో దాటించాను. దాని మీద ఉత్తరాలు బాగానే వచ్చాయి. కొన్ని మర్యాదగా, కొన్ని కోపంగా. ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాను. నేను యూదుణ్ణి కాను, మతబోధకుణ్ణీ కాను. న్యాయచరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. కాబట్టి దేవుడి సంగతి కన్నా తీర్పుల సంగతి అడిగినవారికే ఇక్కడ కాస్త గట్టి జవాబు దొరుకుతుంది.

ప్రశ్న: మాస్టారూ, "కంటికి కన్ను, పంటికి పల్లు" అన్న నియమం మోషే ధర్మశాస్త్రంలో ఉందని అందరికీ తెలుసు. పూర్వం యూదుల న్యాయస్థానాల్లో నిజంగానే కళ్ళు పీకేవారా? లేక అది మాటవరసకు చెప్పినదా?
— న్యాయశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, ఆ మాట ఒక్కచోట కాదు, మూడుచోట్ల ఉంది. బైబిల్లోని నిర్గమకాండం 21వ అధ్యాయంలో, లేవీయకాండం 24లో, ద్వితీయోపదేశకాండం 19లో. మాటవరసకు చెప్పినట్టు ఎక్కడా అనిపించదు. అయినా యూదుల న్యాయగ్రంథాలు తెరిచి చూస్తే, కన్ను పీకమని చెప్పిన తీర్పు ఒక్కటీ నాకు కనబడలేదు. కనబడేదల్లా చిట్టా పద్దులే.

రబ్బీలంటే యూదుల ధర్మపండితులు. క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా హనాసి కూర్చిన మిష్నా అనే నియమాల సంకలనంలో బావా కమ్మా అనే భాగం ఉంది. ఇతరులకు కలిగించిన నష్టాల గురించి చెప్పే భాగం అది. దాని ఎనిమిదో అధ్యాయం మొదలే ఇది: తోటి మనిషిని గాయపరిచినవాడు అయిదు పద్దుల కింద చెల్లించాలి. పోయిన అవయవానికి, పడిన నొప్పికి, వైద్యానికి, మంచంలో ఉన్నన్నాళ్ళ కూలికి, జరిగిన అవమానానికి. కన్ను పొడిచినా, చెయ్యి నరికినా, కాలు విరగ్గొట్టినా ఇదే లెక్క.

పోయిన అవయవం విలువ ఎలా కట్టాలి? ఆ మనిషిని బానిసల సంతలో నిలబెట్టినట్టు ఊహించుకుని, గాయానికి ముందు ఎంత పలికేవాడు, ఇప్పుడు ఎంత పలుకుతాడు అని చూడాలట. వినడానికి మనకు ఒళ్ళు జలదరిస్తుంది. కానీ మనిషి ఒంటికి బహిరంగంగా ధర కట్టే చోటు ఆ కాలంలో అదొక్కటే ఉండేది. నొప్పి వేరే పద్దు. కాల్చిన కమ్మీతో గోరు మీద వాత పెడితే, గాయం పడకపోయినా సరే, ఇలాంటి మనిషి అంత నొప్పి భరించడానికి ఎంత పుచ్చుకుంటాడో అంచనా వేసి ఇవ్వాలి. వైద్యం ఖర్చు మామూలే. దెబ్బ వల్ల పుళ్ళు లేచి మళ్ళీ తిరగబెడితే వాటికీ ఇవ్వాలి.

నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది నాలుగో పద్దు. గాయపడినవాణ్ణి దోసతోట కావలివాడిగా భావించి, అతను లేవలేని రోజులన్నిటికీ ఆ కూలి కట్టివ్వమంటుంది మిష్నా. స్వర్ణకారుడి చెయ్యి పోతే స్వర్ణకారుడి కూలి ఇవ్వాలి కదా, దోసతోట కావలి ఏమిటి? కారణం కూడా అక్కడే చెప్పారు: చేతి విలువ మొదటి పద్దులోనే చెల్లించేశాడు కాబట్టి. ఆ పద్దుతో అతని పనితనానికి వెల కట్టడం అయిపోయింది. ఇక మిగిలింది, ఒంటిచేతి మనిషి కూడా చేయగల పనికి మంచం మీద ఉన్నందువల్ల పోయే కూలి మాత్రమే. ఒకే నష్టానికి రెండుసార్లు వసూలు చేయకూడదన్న సూత్రాన్ని ఏ సిద్ధాంతవాక్యమూ లేకుండా ఒక దోసతోటతో చెప్పేశారు. తరగతిలో నేను దీన్ని చెప్పినప్పుడల్లా వెనక బల్లలవాళ్ళు కూడా తల ఎత్తేవారు.

ఇక మీ అసలు ప్రశ్న. ధర్మశాస్త్ర వాక్యంలో కన్ను అని ఉంటే వీళ్ళు డబ్బు అని ఎలా అన్నారు? మిష్నా మీద తరవాతి రబ్బీల చర్చలను కూర్చిన బబులోను తల్మూద్ ఇదే ప్రశ్న వేసుకుని పేజీల కొద్దీ వాదించింది. ఒకరు సంఖ్యాకాండం 35 చూపిస్తారు. హంతకుడి ప్రాణానికి బదులు సొమ్ము తీసుకోవద్దని అక్కడ ఉంది. ప్రాణానికి వద్దన్నారంటే అవయవానికి తీసుకోవచ్చనే కదా అని ఆయన వాదం. ఇంకొకరు ఒకడి కన్ను పెద్దది, మరొకడిది చిన్నది, సమానం ఎలా అవుతుంది అంటారు. వేరొకరు, గుడ్డివాడు ఇంకొకడి కన్ను పొడిస్తే వాడి దగ్గర ఏం పీకుతారు, అందరికీ ఒకే చట్టం అని వాక్యమే చెబుతోంది కదా అంటారు. తమాషా ఏమిటంటే, ఈ వాదాల్లో చాలావాటిని తల్మూద్ తానే కొట్టేస్తుంది. కొట్టేసి ఇంకొకటి తెస్తుంది. న్యాయవాదిగా చదివితే సంగతి తెలిసిపోతుంది: తీర్పు ముందే ఖాయమైపోయింది, వాదం దాని వెనక నడుస్తోంది. దీన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మంచి న్యాయమూర్తులు చాలామంది ఇలాగే రాస్తారు.

అక్షరార్థం ఎన్నడూ లేదని మాత్రం నేను అనను. మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసెఫస్, అవయవం పోగొట్టినవాడు తన అవయవాన్నీ పోగొట్టుకోవాలి, బాధితుడు డబ్బుకు ఒప్పుకుంటే తప్ప, అని తన జనుల చట్టాన్ని వివరించాడు. తల్మూద్‌లోనే రబ్బీ ఎలియేజెర్ "నిజంగా కన్నే" అన్నాడని ఉంది. వెంటనే మిగిలినవాళ్ళు కంగారుపడి ఆయన మాటకు వేరే అర్థం చెప్పారు. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిదీస్ అయితే ఒకే మనిషై రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా రాశాడు. తన న్యాయసంహితలో మోషే న్యాయస్థానం నుంచీ డబ్బు తీర్పే అన్నాడు. తత్త్వగ్రంథంలో మాత్రం అక్షరార్థానికే కారణం చెప్పి, ఇక్కడ తాను వివరిస్తున్నది వాక్యాన్ని గానీ తల్మూద్‌ని కాదని గడుసుగా తప్పించుకున్నాడు.

హమ్మురాబితో కూడా పోల్చి చూద్దాం. ఆయన శాసనం చెక్కిన రాయి 1901లో సూసా తవ్వకాల్లో బయటపడింది, ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాని 196వ నియమం ప్రకారం పెద్దింటివాడి కన్ను పోగొడితే కన్ను పోగొడతారు. 198 ప్రకారం సామాన్యుడి కన్నయితే ఒక మినా (అప్పటి తూకం) వెండి. 199 ప్రకారం ఇంకొకరి బానిస కన్నయితే అతని వెలలో సగం, అదీ యజమానికి. నిర్గమకాండం అదే అధ్యాయంలో రెండు వచనాల తరవాత, యజమాని తన బానిస కన్ను పోగొడితే ఆ కంటికి బదులు బానిసను స్వతంత్రుడిగా పంపేయాలంది. పన్ను రాలగొట్టినా అంతే. రెంటికీ తేడా నేను విడమరిచి చెప్పక్కరలేదు.

అయిదో పద్దు, అవమానం గురించి ఒక వ్యాజ్యం ఉంది. చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. నడివీధిలో ఒకడు ఒక స్త్రీ తలమీది ముసుగు లాగేశాడు. ఆమె రబ్బీ అకీవా దగ్గరికి వెళ్ళింది. ఆయన జూజులనే వెండి నాణేలు 400 ఇమ్మన్నాడు. అప్పట్లో 200 జూజులున్న మనిషికి పొలాల్లో పేదలకు వదిలే పరిగె ఏరుకునే హక్కు ఉండేది కాదు, అంత డబ్బు చాలునని లెక్క. ఇది దానికి రెట్టింపు. వాడు గడువు అడిగి, ఆమె తన వాకిట్లో నిలబడి ఉన్నప్పుడు చూసి, చిల్లర డబ్బు చేసే నూనె ఉన్న కుండను ఆమె ముందు పగలగొట్టాడు. ఆమె ముసుగు తీసి, ఒలికిన నూనె అరచేత్తో తీసుకుని తలకు రాసుకుంది. వాడు సాక్షులను కూడా నిలబెట్టుకున్నాడు. "ఇంత మాత్రానికి నేను 400 ఇవ్వాలా?" అని అకీవా దగ్గరికి వచ్చాడు. నువ్వు చెప్పినది చెల్లదన్నాడు అకీవా. తనను తాను గాయపరచుకున్నవాడు చేసింది తగని పనే అయినా అతనికి శిక్ష లేదు, అతన్ని ఇతరులు గాయపరిస్తే మాత్రం శిక్ష ఉంది. పేదవాళ్ళను కూడా ఆస్తి పోగొట్టుకున్న స్వతంత్రులుగానే చూడాలి అని కూడా ఆయన మాట.

అధ్యాయం ముగిసేలోగా ఇంకొక నియమం కలిపారు: డబ్బంతా చెల్లించినా, బాధితుణ్ణి స్వయంగా క్షమించమని అడిగేదాకా వాడి తప్పు మాఫీ కాదు. అయిదు పద్దుల్లో ఇది లేదు. ఉండదు కూడా.

ప్రశ్న: మాట వినని కొడుకును ఊరివాళ్ళు రాళ్ళతో కొట్టి చంపాలని ద్వితీయోపదేశకాండం 21లో ఉంది. దీన్ని కూడా మీరు పూలరేకులతో కప్పేస్తారా?
— ఇద్దరు కొడుకుల తండ్రి

జవాబు: కప్పను బాబూ. చంపమనే ఉంది. తల్లీ తండ్రీ కలిసి పెద్దల ముందుకు తీసుకెళ్ళి "వీడు మొండివాడు, తిండిపోతు, తాగుబోతు" అని చెప్పాలి, ఊరివాళ్ళు రాళ్ళు రువ్వాలి.

ఇప్పుడు మిష్నా సన్‌హెద్రిన్ భాగం ఎనిమిదో అధ్యాయం చూడండి. ఏ వయసువాడు? పసివాడికి చట్టం వర్తించదు, గడ్డం నిండినవాడికీ వర్తించదు. మధ్యలో మిగిలింది మూడు నెలల కాలం అని తల్మూద్ లెక్క తేల్చింది. ఎంత తినాలి? ఇంత తూకం మాంసం, ఇంత కొలత ద్రాక్షారసం, అంతకు తక్కువైతే తిండిపోతు కాడు. తండ్రి సొమ్మే దొంగిలించాలి, తినేది మాత్రం పరాయి చోట తినాలి. తల్లి ఒప్పుకోకపోతే కేసు లేదు, తండ్రి ఒప్పుకోకపోయినా లేదు. వాళ్ళలో ఎవరూ మూగ, చెవుడు, గుడ్డి, కుంటి కాకూడదు. "వీడు మా కొడుకు" అని వేలు చూపాలి కదా, చూపులేనివారు ఎలా చూపుతారు? చివరికి రబ్బీ యెహూదా వచ్చి, వాక్యంలో "మా మాట" అని ఉంది కాబట్టి తల్లిదండ్రుల గొంతు ఒకేలా ఉండాలన్నాడు. గొంతు ఒకటైతే రూపమూ ఎత్తూ కూడా ఒకటి కావాలని తల్మూద్ జోడించింది. అలాంటి దంపతులు మీకు తెలిస్తే చెప్పండి.

ఇంతా చేసి అన్న మాట ఇది: మొండికొడుకు ఎన్నడూ లేడు, ఇక ఉండడు. మరి ఎందుకు రాశారయ్యా అంటే, చదివి ఫలం పొందడానికి. అదే పేజీలో రబ్బీ యోనాతాన్ అడ్డం తిరిగి, "నేను చూశాను, వాడి సమాధి మీద కూర్చున్నాను" అన్నాడు. ఆ ఒక్క మాటను కూడా చెరిపేయకుండా ఉంచారు చూశారా, అందుకే నాకు ఆ పుస్తకం మీద నమ్మకం.

మరణశిక్షల సంగతి మొత్తంగానే ఇలా ఉంటుంది. ఇరవై ముగ్గురు న్యాయమూర్తులు కూర్చోవాలి. ఇద్దరు సాక్షులు కావాలి. నేరం చేయబోయేవాణ్ణి ముందే హెచ్చరించి ఉండాలి. అంజూరపు చెట్టు కింద హత్య జరిగితే, బెన్ జక్కయ్ అనే ఆయన సాక్షులను ఆ పళ్ళ తొడిమల గురించి కూడా అడిగాడట. ఏడేళ్ళకు ఒకరిని చంపిన న్యాయస్థానం విధ్వంసకరమైనదని మిష్నా అంటే, డెబ్బై ఏళ్ళకు ఒకరైనా అంతే అన్నాడు ఎలాజార్ బెన్ అజర్యా. మేం ఆ న్యాయసభలో ఉండి ఉంటే ఎవరికీ మరణశిక్ష పడేదే కాదన్నారు తర్ఫోన్, అకీవా. వెంటనే రబ్బాన్ షిమోన్ బెన్ గమ్లియేల్, "అయితే మీరు ఇశ్రాయేలులో హంతకులను పెంచేవారు" అన్నాడు. పేజీ అక్కడితో ఆగింది, ఎవరూ ఆయనకు బదులివ్వలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది, చెప్పకపోతే అన్యాయం. వీళ్ళు ఇవన్నీ మాట్లాడేనాటికి మరణశిక్ష వేసే అధికారం వాళ్ళ చేతిలో లేదు, రోమన్ల చేతిలో ఉంది. యెరూషలేము ఆలయం కూలడానికి నలభై ఏళ్ళ ముందే ఆ అధికారం పోయిందని తల్మూదే చెబుతుంది. ఆలయం కూలింది క్రీ.శ. 70లో. అధికారం ఉన్నప్పుడు ఎలా ఉండేవారో? గ్రీకుల కాలంలో, పనులు చేయకూడని శనివారపు విశ్రాంతి దినాన గుర్రమెక్కినవాణ్ణి, అతనికి అంత శిక్ష తగినందుకు కాదు, రోజులు అలాంటివి కాబట్టి, రాళ్ళతో కొట్టించారని అదే తల్మూద్‌లో ఉంది. ఆధునిక ఇజ్రాయెల్ 1954లో హత్యకు మరణశిక్ష రద్దు చేసింది. 1962లో నాజీ అధికారి అడాల్ఫ్ ఐష్‌మన్‌ను ఉరితీసింది నాజీలను, వారి సహాయకులను శిక్షించడానికి చేసిన వేరే చట్టం కింద.

ప్రశ్న: దేవుడే ఇచ్చాడని నమ్మే చట్టాన్ని మనుషులు ఇలా తిప్పేస్తే ఇక అది దేవుడి మాట ఎలా అవుతుంది? ఈ అధికారం వీళ్ళకు ఎవరిచ్చారు?
— ఒక విశ్వాసి

జవాబు: ఈ ప్రశ్న యూదులే వేసుకున్నారు. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల నాటికి కరాయీయులనే శాఖ పుట్టింది. రబ్బీల మౌఖిక సంప్రదాయం వద్దు, వాక్యం ఒక్కటే చాలునని వాళ్ళ మాట. విశ్రాంతి దినాన మీ ఇళ్ళలో నిప్పు రాజేయవద్దని నిర్గమకాండం 35లో ఉంటే, ముందురోజు వెలిగించిన దీపం కూడా ఉండకూడదని శుక్రవారం రాత్రి చీకట్లో కూర్చునేవారు. రబ్బీలు ముందే దీపం వెలిగించుకొమ్మన్నారు. ఆ దీపాలే ఇప్పటికీ శుక్రవారం సాయంత్రపు ఆచారం.

రబ్బీల తరఫు జవాబు మాత్రం ఒక కథ. తల్మూద్‌లో బావా మెజియా భాగంలో ఉంది. ఒక రకం పొయ్యికి ఆచారపరమైన అశుద్ధి (మైల) అంటుతుందా లేదా అని తగువు. రబ్బీ ఎలియేజెర్ అంటదు అన్నాడు, మిగిలినవారందరూ అంటుతుంది అన్నారు. ఆయన ఎన్ని వాదాలు చెప్పినా ఒప్పుకోలేదు. నా మాట నిజమైతే ఈ చెట్టు చెబుతుందన్నాడు. చెట్టు వంద మూరలు జరిగింది. చెట్టు సాక్ష్యం చెల్లదన్నారు. కాలవ వెనక్కి పారింది. అదీ చెల్లదన్నారు. పాఠశాల గోడలు ఒరిగాయి. పండితులు వాదించుకుంటుంటే మీకేం పని అని రబ్బీ యెహోషువ గోడలను కోప్పడ్డాడు. యెహోషువ మీద గౌరవంతో అవి పడలేదు, ఎలియేజెర్ మీద గౌరవంతో నిటారుగానూ నిలవలేదు. చివరికి ఆకాశం నుంచి స్వరం వచ్చి, న్యాయం ఎలియేజెర్ పక్షానే ఉందంది. రబ్బీ యెహోషువ లేచి, "అది ఆకాశంలో లేదు" అన్నాడు. ద్వితీయోపదేశకాండం 30లోని మాట అది. చట్టం సీనాయి కొండ దగ్గరే ఇచ్చేశారు, ఇక అధిక సంఖ్యాకుల మాటే చెల్లుతుందని అర్థం. ఆ ఘడియలో దేవుడు నవ్వి, నా పిల్లలు నన్ను గెలిచారు అన్నాడట.

ఉపన్యాసాల్లో ఈ కథ ఇక్కడ ఆపేసి చప్పట్లు కొట్టించుకుంటారు. నాకు అదే చిరాకు, సగం కథ చెప్పడం. తరవాత ఏమైందంటే, ఓడిన ఎలియేజెర్‌ను వెలివేశారు. ఆయన శుద్ధమని చెప్పినవన్నీ తెచ్చి కాల్చారు. ఆ వార్త చెప్పడానికి అకీవా నల్లబట్టలు కట్టుకుని వెళ్ళి, దూరంగా కూర్చున్నాడు. ముసలాయన చెప్పులు విప్పి నేలమీద కూర్చుని ఏడ్చాడు. ఆ ఏడుపుకు ఒలీవల్లో, గోధుమల్లో, బార్లీలో మూడోవంతు పాడైందట. ఆయన్ను వెలివేసిన సభాధిపతి గమ్లియేల్ చివరికి ఎలియేజెర్ దుఃఖం తగిలే చచ్చిపోయాడు. ఎలియేజెర్ భార్య ఆ గమ్లియేల్‌కు స్వయానా సోదరి. పైగా ఈ కథంతా న్యాయాధికారాల అధ్యాయంలో లేదు. మాటలతో మనిషిని నొప్పించడం ఎంత పెద్ద నేరమో చెప్పే చర్చలో ఉంది. అధికారం మాదే అని చెప్పుకుంటూనే, ఆ అధికారంతో తామేం చేశారో అదే చోట రాసుకున్నారు.

ప్రశ్న: మేకపిల్లను తల్లిపాలతో ఉడకబెట్టవద్దన్న ఒక్క ముక్క నుంచి యూదుల ఇళ్ళలో మాంసానికీ పాలకూ వేరువేరుగా రెండు రకాల గిన్నెలు, రెండు రకాల చెంచాలు ఎలా పుట్టాయి?

జవాబు: ఆ ముక్క మూడుచోట్ల ఉంది. ఒకటి వండవద్దని, ఒకటి తినవద్దని, ఒకటి దానివల్ల ఏ లాభమూ పొందవద్దని పంచుకున్నారు. కోడికి పాలుండవు కదా అంటే, జనం తికమకపడతారని దాన్నీ కలిపారు. రబ్బీ యోసె గలిలీ ఊళ్ళో మాత్రం కోడిమాంసం పాలతో తినేవారట. మాంసం తిన్నాక పాలకు ఆగే సమయం చాలామందికి ఆరు గంటలు, జర్మనీ సంప్రదాయంలో మూడు, డచ్చివారికి ఒకటి. పిల్లలు ఏ ఇంట్లో పుట్టాలో ముందే ఎంచుకోవడం మంచిది.

ప్రశ్న: విశ్రాంతి దినాన ఎవరికైనా గుండెనొప్పి వస్తే ఫోను ముట్టుకోవచ్చా? ముందు రబ్బీని అడగాలా?

జవాబు: అడగకూడదు. అలాంటప్పుడు త్వరపడినవాడే మెచ్చదగినవాడు, ఆగి అడుగుతూ కూర్చున్నవాడు రక్తం ఒలికించినట్టే అని వాళ్ళ న్యాయసంహితే చెబుతుంది. లేవీయకాండం 18లో ఈ ఆజ్ఞల వల్ల బతకాలి అని ఉంది, చావాలని లేదు కదా అన్నది తల్మూద్ వాదం. ఈ వెసులుబాటు తేలికగా రాలేదు. గ్రీకుల పాలన మీద మక్కబీయులనే యూదుల తిరుగుబాటు మొదట్లో, విశ్రాంతి దినాన చేతులెత్తకుండా సుమారు వెయ్యిమంది గుహల్లో చచ్చిపోయారు. ఇక ఆ రోజున కూడా ఎదురు పోరాడదామని తిరుగుబాటు నాయకుడు మత్తతీయ, అతనివాళ్ళు నిర్ణయించుకున్నది ఆ తరవాతే.

ప్రశ్న: కుటుంబ తగాదాల కేసులు చూస్తుంటాను. యూదుల్లో భర్త విడాకుల పత్రం ఇవ్వకపోతే భార్య ఇంకొకరిని పెళ్ళాడలేదని చదివాను. ఇన్ని నియమాలు సడలించినవాళ్ళు దీన్ని ఎందుకు సడలించలేదు మాస్టారూ?
— ఒక న్యాయవాది

జవాబు: ఈ సంచికలో నన్ను ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇదేనమ్మా. ముందు వాళ్ళు చేయగలిగింది చూపిస్తాను.

ఏడో ఏట అప్పులన్నీ రద్దు చేయమని ద్వితీయోపదేశకాండం 15 చెబుతుంది. ఏడో ఏడు దగ్గరపడింది కదా అని పేదవాడికి అప్పివ్వడం మానకు అని కూడా అక్కడే హెచ్చరిస్తుంది. జనం చేసింది అదే, అప్పివ్వడం మానేశారు. అప్పుడు హిల్లేలు అనే పండితుడు ప్రోజ్‌బుల్ అనే పత్రం కనిపెట్టాడు. అప్పిచ్చినవాడు తన బాకీలన్నీ న్యాయాధికారులకు అప్పగించినట్టు రాసిస్తాడు. రద్దయ్యేది మనిషికి మనిషి బాకీ. న్యాయస్థానానికి రావలసినది రద్దు కాదు. తరవాత తీరికగా వసూలు చేసుకోవచ్చు. వాక్యం అక్షరం కదలకుండా దాని పని ఆగిపోయింది. పేదవాడికి అప్పు పుట్టింది. మృతసముద్రం దగ్గరి గుహల్లో దొరికిన నీరో చక్రవర్తి కాలపు అప్పుపత్రంలో, ఏడో ఏడైనా సరే తీరుస్తాను అని బాకీదారు రాసిచ్చాడు. అంటే అవసరం గట్టిదే. ప్రోజ్‌బుల్ ఇప్పటికీ రాస్తున్నారు, 2022లో ఏడో ఏడు ముగిసినప్పుడు కూడా రాశారు.

పెళ్ళి విషయంలో కూడా కొంత చేశారు. భర్త దూరదేశంలో చనిపోయాడని నిరూపించడానికి ఇద్దరు సాక్షులు కావలసిన చోట ఒక్కరు చాలన్నారు. ఆ ఒక్కరు స్త్రీ అయినా, బానిస అయినా సరే అన్నారు. లేకపోతే ఆమె జీవితాంతం కట్టుబడి ఉండిపోతుంది కాబట్టి. క్రీ.శ. 1000 ప్రాంతంలో మైంజ్‌లో ఉన్న రబ్బేను గెర్షోమ్ పేరున, భార్య ఇష్టం లేకుండా విడాకులు ఇవ్వకూడదని, ఇద్దరిని పెళ్ళాడకూడదని కట్టడి వచ్చింది. వాక్యం ఈ రెంటినీ ఒప్పుకుంటున్నా.

కానీ మీరు అడిగిన ముడి అలాగే మిగిలింది. పత్రం భర్త తన ఇష్టంతో ఇవ్వాలి. ఇవ్వవలసినవాడు మొండికేస్తే "ఇష్టమే" అనేదాకా కొట్టవచ్చని మైమోనిదీస్ రాశాడు. లోపల వాడు చట్టానికి లోబడే ఉండాలనుకుంటాడు, దుర్బుద్ధి అడ్డుపడుతోంది అంతేనని ఆయన సమర్థన. ఇజ్రాయెల్‌లో 1953 చట్టం యూదుల వివాహ విడాకులను రబ్బీల న్యాయస్థానాలకే ఇచ్చింది. 1995 చట్టం మొండి భర్త డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా ఆపడానికి, అవసరమైతే జైలుకు పంపడానికి ఆ న్యాయస్థానాలకు వీలిచ్చింది. జైల్లో కూర్చుని కూడా ఇవ్వని భర్తలు ఉన్నారు. కొన్నిచోట్ల పెళ్ళికి ముందే ఒప్పందం రాయించుకుంటున్నారు, విడిగా ఉన్నన్నాళ్ళూ ఇంత చెల్లించాలని. అది పనిచేస్తోంది, రాయించుకున్నవారికి.

ఎందుకని అడిగారు కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. వాక్యం అడ్డు వచ్చిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కంటికి కన్ను అన్న వాక్యం ఇంతకన్నా గట్టిది. మొండికొడుకు వాక్యం ఇంకా గట్టిది. ఆ వాక్యాలను మూడు నెలల వయసుతోనూ తల్లిదండ్రుల గొంతుతోనూ కట్టడి చేసినవారు ఇక్కడ వాక్యం ముందు చేతులు కట్టుకుంటే, అది వాక్యం బలం కాదు. మా ముందువారంత అధికారం మాకు లేదని నేటి న్యాయాధికారులు అంటారు. అది వినయమో వెనకడుగో ఆ ఆడవాళ్ళు తేల్చాలి, నేను కాదు. యూదుల్లోనే ఈ మాట నాకన్నా గట్టిగా అంటున్నవారు ఉన్నారు, రబ్బీలూ ఉన్నారు.

ప్రశ్న: తల్మూద్ చదవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మొదటి పేజీ నుంచి మాత్రం వద్దు. రోజుకొక పత్రం చొప్పున ప్రపంచమంతా ఒకే పత్రం చదివే పద్ధతి 1923లో మొదలైంది. మొత్తం 2,711 పత్రాలు, ఏడున్నర ఏళ్ళు పడుతుంది. ఆ వేగం మనకెందుకు? బావా మెజియా మొదటి అధ్యాయం తీయండి. ఇద్దరు ఒక వస్త్రాన్ని పట్టుకుని వస్తారు. "నాకు దొరికింది, అంతా నాదే" అని ఒకడు, "నాకు దొరికింది, అంతా నాదే" అని రెండోవాడు. ఇందులో నాది సగానికి తక్కువ కాదు అని ఇద్దరూ ప్రమాణం చేసి చెరిసగం పంచుకోవాలి. ఇది సులువు. ఇప్పుడు ఒకడు "అంతా నాదే" అంటాడు, రెండోవాడు "సగం నాది" అంటాడు. మూడింట రెండు వంతులు, ఒక వంతు అని చటుక్కున అనకండి. మిష్నా మొదటివాడికి ముప్పావు, రెండోవాడికి పావు ఇచ్చింది. ఎందుకో ఆలోచించి, పుస్తకం చూడకుండా రాసి పంపండి. సరైన జవాబులు వచ్చే సంచికలో వేస్తాను.